గుప్పెడు చేప, పదిమంది ఇఫ్తార్

మద్దిలపాలెంలోని మా ఇంట రమజాన్ సాయంత్రాలలో ఖర్జూరాలు, పండ్లు, పకోడీల సరసన కొన్నేళ్లుగా మరో వంటకానికీ చోటు దక్కింది. దాని పేరు ‘గుళ’. మాల్దీవుల వారి చేప ఉండ అది. మన గుళికను గుర్తుకు తెచ్చే మాట. అక్కడి ఓ ద్వీపంలో ఉపాధ్యాయుడిగా ఉన్న అన్నయ్య ఫోనులో చెప్పగా నేర్చుకున్నాము.

పొగబెట్టిన ట్యూనాను చిదిమి, కొబ్బరి కోరు, సన్నగా తరిగిన ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి, నిమ్మరసం కలుపుతారు. ఆ మిశ్రమాన్ని పిండి ముద్దలో పొదిగి, నిమ్మకాయంత ఉండలు చేసి నూనెలో వేయిస్తారు. మేమైతే చేపల రేవు నుంచి తెచ్చిన ట్యూనాను ఉప్పునీటిలో ఉడికించి, తడి ఆరేవరకు పెనంపై వేపుతాము. ఉండకు పగులు ఉండరాదు. ఉంటే లోనికి నూనె చేరుతుంది.

మాల్దీవుల ప్రజలు 1153లో ఇస్లాం స్వీకరించారు. 1343లో అక్కడికి చేరి ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతా, ఆ ద్వీపవాసులు చేపను ఉడికించి, తాటాకు బుట్టలలో పొగబెట్టి, భారతదేశానికీ యెమన్‌కూ పంపేవారని రాశారు. పంట నేల తక్కువైన ఆ పగడపు దీవులకు సముద్రమూ కొబ్బరి చెట్టూ అల్లాహ్ ప్రసాదించిన ఉపాధి.

అన్నయ్య అక్కడికి వెళ్లిన తొలి రమజాన్‌లో అమ్మీకి ముద్ద దిగేది కాదు. “ఒంటరిగా ఏం తిని ఉపవాసం విరమిస్తున్నాడో!” అని రోజూ అడిగేవారు. భాష తెలియని పొరుగింటివారు మగ్రిబ్‌కు ముందే గుళలు, పాలు లేని తేనీరు అతని గుమ్మానికి చేరుస్తున్నారని తెలిశాకే ఆమె మనసు కుదుటపడింది.

కూరలో కాస్త నీరు ఎక్కువ పోసైనా పొరుగువారికి పంచమని దైవప్రవక్త (స) బోధించారు. గుళలో ఆ పని కొబ్బరి చేస్తుంది. కొద్దిపాటి చేప పళ్లెం నిండా ఉండలవుతుంది. చేప ధర పెరిగిన రోజున మేము కొబ్బరి పెంచుతాము. ఉండల లెక్క తగ్గించము.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకొంటూ మా వీధిలో అద్దె గదులలో ఉండే పిల్లలు కొందరు ఉపవాసాలు పాటిస్తారు. వారి తల్లులు ఎక్కడో దూరాన ఇదే ప్రశ్న అడుగుతూ ఉంటారు కదా! అందుకే మొదటి వాయి వారి గదికే పంపుతాము.