పాతపేపర్లు కొంటాం

శనివారం నేను మోసుకొచ్చిన పుస్తకాల సంచీ సంగతి మా ఆవిడ ఫోన్లో చెప్పేసినట్టుంది. ఆదివారం అమ్మ నన్ను పట్టుకుంది.

"ఏంది నాయనా, ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ పాతపేపర్లోడికి ఏస్తిమి. నువ్వేమో ఆ దేశంలో డాలర్లు పోసి పాత పుస్తకాలు కొంటా ఉండావంట. ఈ తెలివి అప్పుడేమాయె?"

అప్పుడంటే 1989. నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను మా విడవలూరును కూడా గట్టిగానే ఊపింది. తెల్లారేసరికి మా వంటిల్లు మీద పెంకుల్లేవు, పెరట్లో మునగచెట్టు లేదు. అటక మీద తాతయ్య ట్రంకుపెట్టెలోకి రాత్రంతా వాన కారింది. అందులో ఉన్నవి చాలావరకు వావిళ్ల వారి అచ్చు పుస్తకాలు. ఊరి బయటివాళ్లకి వావిళ్ల అంటే మద్రాసులో ఒక గొప్ప ప్రెస్సు. మాకు పక్కూరు, సైకిల్ మీద పోయొచ్చే దూరం. ఆ ఊరి పేరు ఇంటిపేరైన రామస్వామిశాస్త్రులు మద్రాసు పోయి 1854లో అచ్చు మొదలుపెట్టాడు. తర్వాత వందేళ్లపాటు తెలుగువాళ్లు చదివిన కావ్యాల్లో సగం ఆ ఇంటి నుంచే వచ్చినట్టు మా తాతయ్య మాట్లాడేవాడు. అదేదో తన వాటా కూడా ఉన్నట్టు.

తడిసిన పుస్తకాల్ని వారం రోజులు మిద్దె మీద ఆరబెట్టాం. అట్టలు ఉబ్బిపోయి పేజీలు ఒకదానికొకటి కరుచుకున్నాయి. చివరికి ఒకరోజు "పాతపేపర్లు కొంటాం" అని కేకేసుకుంటూ పోయేవాణ్ణి నేనే ఇంట్లోకి పిలిచాను. త్రాసు సరిగా పట్టమని బేరం కూడా ఆడాను. ఆ పేజీలు ఏ అంగట్లోనో బొరుగుల పొట్లాలయ్యుంటాయి. అమ్మ అడిగిన తెలివి అప్పటిది.

నేను ఉండేది ఫిలడెల్ఫియా బయట. ఇక్కడ ఊరూరా ఉన్న గ్రంథాలయాలు ఏడాదికోసారి అక్కర్లేని పుస్తకాలు అమ్ముతాయి. చివరిరోజు సంచీ లెక్కన ఇస్తారు, నిండినంత మనదే. ముసలివాళ్లు పోయిన ఇళ్లలో వారాంతాల్లో సామాను అమ్మకాలు పెడతారు. వంటగిన్నెలు, కుర్చీలు, పెళ్లి ఫోటోలు, బైబిళ్లు అన్నిటికీ ధర చీటీలు వేలాడుతుంటాయి. మొదట్లో సిగ్గుగా ఉండేది, చచ్చిపోయిన మనిషి బీరువా తెరిచి చూడ్డమేంటని. ఇప్పుడు ఏడింటికే లైన్లో నిలబడుతున్నాను. అలవాటు మనిషిని ఎంత చెడగొడుతుందో!

మొదటిసారి బాగా మోసపోయాను. మంచు మీద గుర్రబ్బండి పోతున్న బొమ్మ, కింద 'కరియర్ అండ్ ఐవ్స్' అని పేరు. 140 డాలర్లు పోసి కొని, గోడకి కొట్టి, నలుగురికీ చూపించాక, తెలిసిన పెద్దాయన ఒకాయన భూతద్దం తీసి దగ్గరగా పెట్టాడు. నాకు లోపల సన్నటి చుక్కల వరసలు కనబడ్డాయి, పాత న్యూస్‌పేపర్ ఫోటోలో ఉన్నట్టు. రాతి మీద గీసి అచ్చేసిన బొమ్మలో అలాంటి వరసలుండవు. సుద్దముక్కతో గరుకు గోడ మీద గీస్తే వచ్చే పలుకు ఉంటుంది. నాది ఇరవయ్యో శతాబ్దంలో ఎవరో క్యాలెండర్ కోసం వేసిన నకలు. అమ్మినాయన మంచివాడే అనుకుంటా, ఆయనకీ తెలిసుండదు. ఆ రోజు నుంచి జేబులో భూతద్దం లేకుండా గడప దాటను.

అసలు కరియర్ కంపెనీ కథ బొమ్మలకంటే బాగుంటుంది. న్యూయార్కులో నథానియల్ కరియర్ 1834లో కొట్టు పెట్టాడు, 1857లో ఐవ్స్ వాటాదారుగా చేరాడు, 1907లో మూసేశారు. ఈలోపు ఏడువేలకు పైగా రకాల బొమ్మలు వేశారు. రాయి మీద నల్లసిరాతో అచ్చేసి రంగులు చేత్తో అద్దించేవాళ్లు. పొడుగుబల్ల చుట్టూ ఆడవాళ్లు. ఒకామె నీలమే వేస్తుంది, పక్కామెకి జరుపుతుంది, ఆమె ఆకుపచ్చే వేస్తుంది. మా నెల్లూరు రొయ్యల ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లు వరసగా నిలబడి ఒకరు తల తీస్తే ఇంకొకరు నరం తీసినట్టు. చిన్న బొమ్మలు పావలా డాలరు లోపే, తోపుడుబండ్ల మీద కూడా అమ్మేవాళ్లు. ఇప్పుడు అద్దం కట్టి 'ఫైన్ ఆర్ట్' అంటున్నాం.

మా నాయనమ్మ దేవుడిగదిలో రవివర్మ లక్ష్మి ఉండేది. చీర అంచుకి జరీ అంటించి, మెళ్లో చమ్కీలు అద్దిన బొమ్మ. ఒక్కో రంగుకి ఒక్కో రాయి పెట్టి అచ్చేసే పద్ధతి అది. రవివర్మ ప్రెస్సు 1894లో ముంబై దగ్గర ఘాట్‌కోపర్లో మొదలైంది. దానికి ఏడాది ముందే, 1893లో, చికాగో ప్రపంచ ప్రదర్శనకి ఆయన పది తైలచిత్రాలు వెళ్లి పతకాలు తెచ్చాయి. ఈ కథ చెబితే ఇక్కడి మిత్రులు ఆశ్చర్యపోతారు. నాకు మాత్రం ఆ లక్ష్మి ఎటుపోయిందో తెలీదు. ఫ్రేము మాత్రం ఉంది, అందులో మా చెల్లెలి ఓణీల ఫంక్షన్ ఫోటో పెట్టారు.

'ఇండియన్' అని వెతికితే ఇక్కడ దొరికేది మనం కాదు. పాత బొమ్మల అంగట్లో ఆ మాట అంటే ఒక అర మొత్తం ఈకల కిరీటాలు చూపిస్తారు. అలా తగిలినవే మెకెన్నీ, హాల్ అచ్చేసిన స్థానిక తెగల నాయకుల బొమ్మలు. మూడు పెద్ద సంపుటాలు, మొదటిది 1836లో ఫిలడెల్ఫియాలోనే వచ్చింది. వాటికి మూలమైన తైలచిత్రాలు స్మిత్సోనియన్‌లో ఉండేవి. 1865 జనవరిలో అక్కడ నిప్పంటుకుని దాదాపు అన్నీ కాలిపోయాయి. ఇవాళ ఆ ముఖాలు చాలావాటిని చూడాలంటే కాగితం మీది అచ్చే గతి. చాలా బొమ్మల కింద ఆ మనిషి పేరు, ఆయన భాషలోనే. భూములు లాక్కున్నవాళ్లే, పేరు మాత్రం రాసిపెట్టారు. ఈ సంగతి ఎందుకో మనసులో ఉండిపోయింది.

ఒక్క తప్పు ఒప్పుకోవాలి. పక్షుల బొమ్మలకి పేరుపడ్డ ఆడుబన్ పుస్తకంలో ఆకు ఒకటి కొన్నాను. ఆయన పెద్ద పుస్తకం కొనాలంటే ఊళ్లో పొలమంతా అమ్మినా చాలదు. నేను కొన్నది 1840 నుంచి 1844 దాకా ఫిలడెల్ఫియాలో బోవెన్ అచ్చేసిన చిన్న సైజుది. ఐదు బొమ్మలకి ఒక భాగం, భాగానికి డాలరు, నూరు భాగాలు. నా ఆకులో ఉన్నది గ్రీన్ హెరాన్, మా కాలవగట్టు మీద ఒంటికాలి మీద నిలబడే గుడ్డికొంగకి వేలువిడిచిన చుట్టం. ఎవరో బ్లేడుతో పుస్తకాన్ని విప్పి పేజీకొక ధర కట్టి అమ్మారు. అది తెలిసే కొన్నాను. చూసినప్పుడల్లా ఎడమ అంచున కుట్టు రంధ్రాలు కనబడతాయి. దాదాపు ఆ ఏళ్లలోనే నెల్లూరులో సర్జన్‌గా ఉన్న జెర్డన్ కూడా పక్షుల పుస్తకం వేస్తున్నాడు, మనదేశపు చిత్రకారులు గీసిన యాభై బొమ్మలతో, మద్రాసులో. కడప అడవుల్లో 1986లో మళ్లీ కనబడి పేపర్లకెక్కిన కలివికోడికి ఇంగ్లీషులో ఉన్నది ఆయన పేరే. జెర్డన్ ఆకు నాకు ఇంతవరకు దొరకలేదు. దొరికినా విడి ఆకైతే కొనననే అనుకుంటున్నాను. ఆ మాట మీద ఉంటానో లేదో.

నెల్లూరు నాకు దొరికింది మాత్రం ఊహించని చోట. పాత చర్చి సామాను అమ్మకంలో, పాటల పుస్తకాల కట్ట కింద. అట్ట మీద 'ద లోన్ స్టార్', రాసింది డేవిడ్ డౌనీ, 1893, ఫిలడెల్ఫియా. తెరిస్తే నెల్లూరు. పక్క పేజీలో నెల్లూరు. నెల్లూరు మీద ఏకంగా పుస్తకం రాసినాయన నెల్లూరులోనే దశాబ్దాలు ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. అచ్చేసిన సంస్థ ఉండింది నేను రోజూ రైలు దిగే ఊళ్లో.

కథ ఇదీ. శామ్యూల్ డే అనే ఆయన 1840లో నెల్లూరొచ్చి మిషన్ పెట్టాడు. పన్నెండేళ్లు గడిచినా మతం మారినవాళ్లు వేళ్ల మీద లెక్క. 1853లో అమెరికాలో, ఆల్బనీలో బాప్టిస్టు పెద్దలంతా చేరి దీన్ని మూసేద్దామా అని తర్జనభర్జన పడ్డారు. అక్కడ వేలాడుతున్న పటంలో నెల్లూరు ఒంటరి చుక్కలా ఉందని ఒకాయన అన్నాడట. శామ్యూల్ స్మిత్ అనే ఆయన ఆ రాత్రే ఆ చుక్క మీద పద్యం రాశాడు. అమెరికా పిల్లలందరికీ నోటికొచ్చే దేశభక్తి గీతం 'అమెరికా' రాసిందీ ఆయనే. మిషన్ నిలబడింది. పావుశతాబ్దం తర్వాత, కరువు వెన్నంటే, 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ లెక్క ఇక్కడి పాత చర్చి పుస్తకాల్లో పండగలా మళ్లీ మళ్లీ వస్తుంది.

చిన్నప్పుడు నెల్లూరులో మిషన్ ఆసుపత్రి, మిషన్ స్కూలు అంటుంటే అది ఎవరి మిషనో అడగాలని నాకు తోచలేదు. నాలుగు డాలర్లకి సమాధానం దొరికింది. కానీ చదివేకొద్దీ ఒక చికాకు. ఇలాంటి పుస్తకాల్లో బొమ్మల కింద దొరలకి, దొరసానులకి ఇంటిపేర్లతో సహా పేర్లుంటాయి. మనవాళ్ల దగ్గరికి వచ్చేసరికి చాలా చోట్ల 'బైబిల్ చెప్పే స్త్రీలు', 'తెలుగు కుటుంబం', అంతటితో సరి. మెకెన్నీ బొమ్మలు గుర్తొస్తాయి. అలాగని కోపం కూడా పూర్తిగా రాదు. తాతయ్య పెట్టెను త్రాసులో పెట్టినవాణ్ణి నేను, ఎవరో మా జిల్లా గురించి రాసి నూటముప్ఫై ఏళ్లు ఇంట్లో దాచినందుకు వాళ్లని ఏమనగలను!

తర్వాత ఆ వరసలోవే వెతికి కొన్నాను. ఒంగోలులో ఆ మిషన్ నడిపిన క్లౌ దొర కథ, ఆయన పోయాక భార్య ఎమ్మా రాసి 1914లో మాక్‌మిలన్ ద్వారా వేసిన పుస్తకం అందులో ఒకటి. పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు దాన్ని గుడ్డలో చుట్టి చేతిసంచీలో తీసుకెళ్లాను. అమ్మకి చూపించి గెలవాలని కోరిక, అంతే.

అమ్మ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. అద్దాలు తుడుచుకుని ముందు కాగితం వాసన చూసింది. "ఇంకా పొడైపోలా" అంది. అందులో మనూరు ఉందా అంది. మనూరు లేదు గానీ మన కాలవ ఉందని చెప్పాను. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాత కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకున్నాడు, ఒంగోలు వైపు. తిండి లేని మాదిగపల్లెల వాళ్లకి పని చూపించడానికి. వేలమంది తవ్వారు.

కాలవ అనగానే అమ్మ పుస్తకం ఒళ్లో పెట్టేసుకుంది. వాళ్ల నాన్న, అంటే మా అమ్మమ్మగారింటి తాత, కాలవ రేవులో పడవలకి సరుగుడు కట్టెలు ఎత్తించేవాడు. మద్రాసు పొయ్యిలన్నీ మన కట్టెలతోనే మండేవని ఆయన గొప్ప. తెరచాప ఎత్తితే ఎత్తినట్టు, గాలి పడిపోతే గట్టు మీద తాడు భుజానేసుకుని లాక్కుంటూ పోయేవాళ్లట. ఒకసారి అమ్మ కూడా పడవెక్కి పులికాటు దాకా పోయి, అక్కడ ఎర్రకాళ్ల కొంగల్ని చూసి భయపడి ఏడ్చిందట. ఈ కథ నాకు యాభై ఏళ్లొచ్చేదాకా అమ్మ చెప్పలేదు. తర్వాత తుఫాన్లకి గట్లు తెగి, పూడిక పేరుకుని, లారీలొచ్చి పడవలు ఆగిపోయాయి. ఇప్పుడు మా వైపు కాలవ అంటే రొయ్యలగుంటల నీళ్లు వదిలే చోటు.

"తవ్వినోళ్ల పేర్లు రాసుండాడా ఆ దొర?"

బోధకుడు ఎర్రగుంట్ల పేరయ్య పేరుంది, క్లౌ దొరతో పాటు పనిచేసిన మిగతా బోధకుల పేర్లు కొన్ని ఉన్నాయి. మట్టి మోసిన వేలమందివి లేవు. అదే చెప్పాను.

"మా నాయన పడవోళ్ల పేర్లు నాకు తెలుసు" అంది అమ్మ.

చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కొక్కరికి పేరు, ఊరు, ఏ పడవ, ఒకాయనకి పాడే అలవాటు, ఒకాయనకి మెల్లకన్ను. నా దగ్గర కాగితం లేదు, జేబులో ధరలు రాసుకునే పెన్సిల్ ఉంది. పుస్తకం చివర్లో రెండు తెల్లకాగితాలున్నాయి. పాత పుస్తకాలవాళ్ల లెక్కలో అక్కడ ఏం రాసినా మచ్చే, ధర సగానికి పడిపోతుంది. రాస్తూ పోయాను. పదకొండు పేర్లయ్యాయి. పన్నెండో ఆయన ఊరు గుర్తుంది, పడవ రంగు గుర్తుంది, పేరు రాలేదు. "రాత్రికి గుర్తొస్తాదిలే, ఆడ కాస్త జాగా వదులు" అంది.

వదిలాను.