డీజిలా, టర్బో పెట్రోలా? మేనల్లుడికి చెప్పిన మాట



టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడు ట్రైలర్ లాగడానికి పికప్ కొంటున్నాడు. "మామా, మన హోసూరులో బరువు లాగేవన్నీ డీజిల్ బళ్లే కదా, నేనూ అదే తీసుకోనా?" అని అడిగాడు. పెళ్లాం పిల్లలు ఎక్కే బండి, పైగా పెద్ద ఖర్చు. తేలిగ్గా చెప్పే మాట కాదు.

"ఏడాదిలో ఎన్ని రోజులు లాగుతావు?" అన్నాను. నెలకోసారట. మిగతా రోజుల్లో ఆఫీసు, పిల్లల బడి, నాలుగైదు మైళ్లు.

డీజిల్ ఇంజిను తక్కువ ఆర్‌పీఎంలోనే బాగా లాగుతుంది, లోడు మీద మైలేజీ నిలబడుతుంది. రోజూ బరువు లాగేవాడికి అదే మేలు. కానీ ఇప్పటి డీజిల్ బళ్ల పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. బండి దూరం పోయి బాగా వేడెక్కితేనే ఆ మసి కాలుతుంది. దగ్గర దగ్గరే తిరిగితే పూడుకుపోతుంది. యూరియా ద్రావణం ఖర్చు వేరే.

బలం చూసినా పెట్రోలు తీసిపోదు. 2021 ఫోర్డ్ ఎఫ్-150లో 3.5 లీటర్ల ఎకోబూస్ట్ టర్బో పెట్రోలు టార్క్ 500 పౌండ్-ఫీట్, 3 లీటర్ల డీజిల్‌ది 440. లోడు పడితే మాత్రం పెట్రోలు బాగా తాగుతుంది, టర్బో వేడికి ఇంజిన్ ఆయిలు వేళకు మార్చాలి.

"నీ వాడకానికి పెట్రోలే మేలు. ఏ ఇంజినైనా దిగుడులో న్యూట్రల్ చేయొద్దు, తొప్పూరు ఘాటు గుర్తుపెట్టుకో" అన్నాను.

2020లో బీఎస్-6 వచ్చాక మన డీజిల్ బళ్లకూ ఈ ఫిల్టరు వచ్చింది. ఊళ్లోనే తిరిగే బండి ఉన్నవాళ్లు అప్పుడప్పుడూ కృష్ణగిరి దాకా ఒక పరుగు తీయించండి.