పాటు వేళ పాఠం

నాగాయలంక నుంచి పడవ ఎదురుమొండి దాటేసరికి పాటు మొదలైంది. నీళ్ళు దిగేకొద్దీ మడ అడవి కాలువ గట్టున బురద తేలింది. అందులో పెన్సిళ్ళు గుచ్చినట్టు వేలకొద్దీ ఊపిరి వేళ్ళు. "పరీక్షలో వీటి బొమ్మ వేస్తారు కదా, దిగి పట్టుకు చూడండి" అన్నారు జువాలజీ మేడం. మచిలీపట్నం, గుడివాడ నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు చెప్పులు పడవలో వదిలి మోకాలిలోతు బురదలోకి దిగారు.

ఇది కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. 1989లో ప్రకటించారు, సుమారు 195 చదరపు కిలోమీటర్లు. ఒకమ్మాయి తెల్లమడ ఆకును నాలుకకు తాకించి "ఉప్పు!" అంది. పీల్చుకున్న ఉప్పును ఆ చెట్టు ఆకుల మీదికే నెట్టేస్తుంది. పక్కనున్న మరో చెట్టు మీద చెయ్యి వేయబోతే పడవ నడిపే పెద్దాయన ఆపాడు. "అది తిల్ల, అమ్మాయ్. పాలు కంట్లో పడితే చూపు పోద్ది." పెద్దాయన హెచ్చరికను మేడం నోట్సులో రాయించారు. నాకది బాగా నచ్చింది.

ఉప్పు శాతం కొలిచే పరికరం తీయగానే ఒక కుర్రాడు ముందుకొచ్చాడు. వాళ్ళ నాన్న వనామీ రొయ్యల సాగు చేస్తాడు; చెరువు గట్టున రోజూ చూసే పనే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. చెట్టు మొలవని ఒక బోడిదిబ్బ మీద చిన్న గుంట తీసి, ఊరిన నీటిని కొలిస్తే అంతకు మించి వచ్చింది. కుర్రాడు నమ్మక మళ్ళీ కొలిచాడు. కారణం మేడం చెప్పలేదు, వాళ్ళ చేతే రాబట్టారు: ఒకప్పుడు చెట్లు నరికారు, ఎండకు నేల కుంగింది, పోటు నీళ్ళు వచ్చి పళ్ళెంలోలా నిలిచిపోయాయి, నీరు ఆవిరై ఉప్పు మిగిలింది. ఇలాంటి చోట ఊరికే మొక్కలు నాటితే చచ్చిపోతాయి. అందుకే స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, ఊళ్ళవాళ్ళు కలిసి కృష్ణా, గోదావరి మడ అడవుల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. నడిమి కాలువ నుంచి పిల్ల కాలువలు చీలతాయి. పోటుకు నీరెక్కి, పాటుకు ఉప్పును కడుక్కుపోతుంది. ఆ తర్వాతే నాట్లు.

"పైనుంచి మంచినీళ్ళు రాకపోతే?" అని అడిగింది గుడివాడ అమ్మాయి. మంచి ప్రశ్న. 1957లో ప్రకాశం బ్యారేజీ, 1967లో నాగార్జునసాగర్ వచ్చాక కిందికొచ్చే నీరూ ఒండ్రూ తగ్గాయి. అక్కడ ఆపిన నీటితోనే డెల్టా మూడుపూటలా తింటోంది. తీరం కోతపడుతోంది కూడా. ఇందులో దొంగ ఎవరో తేల్చమని మేడం అడగలేదు. ఏది ఎవరికి చేరుతోందో గీతలు గీయమన్నారు. రొయ్యల రైతు కొడుకు చాలాసేపు గీశాడు.

తిరిగొస్తుంటే బురదలో బావురుపిల్లి అడుగులు కనిపించాయి. గోళ్ళు పూర్తిగా లోపలికి ముడుచుకోవు గనక ఆ గుర్తులూ పడతాయి. పెద్దాయన చూపించకపోతే అందరం తొక్కుకుంటూ పోయేవాళ్ళం.

ఈ అడవి విలువ ఇలాంటి పెద్దలకు ఇంకోలా కూడా తెలుసు. 1977 నవంబర్ 19 ఉప్పెన ఈ సీమను తుడిచిపెట్టింది. మడ అడవి అడ్డున్న చోట అల తాకిడి తగ్గిందని ఇక్కడి పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఆ పెద్దల మనవలే నేడు మన కాలేజీల్లో జీవావరణం చదువుతున్నారు. పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చేయమని 1991లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. పుస్తకం వచ్చింది, పరీక్ష వచ్చింది. బురద మాత్రం రాలేదు. విశ్వవిద్యాలయ పెద్దలకు నా విన్నపం: సెమిస్టర్‌కు ఒక్కరోజైనా అటవీశాఖ అనుమతితో పిల్లల్ని మడ కాలువకు తీసుకెళ్ళండి. ఆ రోజుకు మార్కులు పెట్టండి. పడవ నడిపే మనిషికి అద్దెతో పాటు గురువుకిచ్చే భత్యమూ ఇవ్వండి.