ఎవరితో మాట్లాడటానికి?

మా పెద్దక్క కొడుకు వెల్షు భాష నేర్చుకుంటున్నాడండీ. పామర్రు దగ్గర పుట్టి, మన సిద్ధార్థ మెడికల్ కాలేజీలో చదివి, ఇప్పుడు బ్రిటన్‌లో వేల్స్ అనే చోట ముసలివాళ్ల వార్డులో డాక్టరు చేస్తున్నాడు. ఈ కబురు తెలిసిన దగ్గర్నుంచీ అక్క నన్ను వదలడం లేదు. "ఒరే, ఇంగ్లీషు దేశంలో ఉంటూ ఇదేం భాషరా? దాన్నేర్చుకుంటే జీతం పెరుగుద్దా? పోనీ ప్రమోషనేమన్నా వచ్చిద్దా? నువ్వన్నా చెప్పు వాడికి" అని. చెప్పేముందు అడగాలి కదా, అడిగాను.

వాడి వార్డులో ఎనభై దాటిన వాళ్లు చాలామంది కొండల మీద గొర్రెల్ని పెంచుకునే కుటుంబాల్లో పుట్టారట. బళ్లో వేసేదాకా ఇంట్లో వెల్షు తప్ప మరోటి వినలేదు. ఇంగ్లీషు ఆ తర్వాత వచ్చింది. ఇప్పుడు మతిమరుపు జబ్బు ముదిరేసరికి ఆ వెనకొచ్చిందే ముందు జారిపోతోంది. వీడు ఓ పెద్దావిడను ఇంగ్లీషులో అడుగుతాడు, ఆవిడ వెల్షులో జవాబు చెబుతుంది, మధ్యలో నర్సు ఉంటే సరే, లేకపోతే ఇద్దరూ మొహమొహాలు చూసుకోవడమే. "బీపీ చూడ్డానికి భాషక్కర్లేదు మావయ్యా, నొప్పెక్కడమ్మా అని అడగడానిక్కావాలి" అన్నాడు.

అక్కకు ఏం చెప్పమంటారు? నేనైతే వాడి పక్షానికి ఫిరాయించాను. నాకు తెలిసిన ఒక పెద్దాయన రైల్వేలో ఉద్యోగం చేస్తూ ముప్ఫయ్యేళ్లు నాగపూర్‌లో ఉన్నాడు, హిందీలో జోకులేసేవాడు. ఆఖరి రోజుల్లో ఆ హిందీ ఎటు పోయిందో గాని, చిన్నప్పటి దివిసీమ మాట ఒక్కటే మిగిలింది. కోడలిది ఉత్తరాది. పాపం ఆ పిల్ల మంచినీళ్లు, ఉప్మా, దుప్పటి అంటూ ఒక్కో మాటా ఏరుకుని నేర్చుకుంది. ఆ అమ్మాయినీ ఎవరూ ప్రమోషన్ గురించి అడగలేదు.

వేల్స్ సంగతి కాస్త చెప్పుకోవాలి. ఇంగ్లండుకు పడమటి పక్కన అంటుకుని ఉన్న కొండల దేశం. 2021 జనాభా లెక్కల్లో వెల్షు వచ్చని రాయించుకున్న వాళ్లు 5,38,000 మంది, నూటికి పద్దెనిమిది కూడా నిండదు. మన బెజవాడ జనంలో సగం అనుకోండి. పసిపిల్లల్ని వదిలేస్తే వాళ్లందరికీ ఇంగ్లీషూ వచ్చు. అంటే బజారుకీ, బ్యాంకుకీ, చాలా ఉద్యోగాలకీ వెల్షుతో తప్పనిసరి పనేమీ లేదు. అయినా 2050 నాటికి పది లక్షల మంది ఆ భాష మాట్లాడాలని అక్కడి ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో వెల్షు వచ్చినవాళ్లు చొక్కాకు నారింజరంగు బ్యాడ్జీ పెట్టుకుంటారు. నేర్చుకుంటున్న వాళ్లకు ఆ సంగతి తెలిపే బ్యాడ్జీ వేరే ఉంది. మావాడు అది పెట్టుకుని ఫొటో పంపాడు, ఎల్.కె.జి. పిల్లాడిలా.

ఇప్పుడు పట్టుబట్టి నేర్పుతున్నారు గాని, పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి బళ్లలో జరిగింది వింటే ఒళ్లు మండుతుంది. వెల్షు మాట్లాడిన పిల్లాడి మెడలో ఒక చెక్కముక్క వేలాడదీసేవారు. వాడు మరో పిల్లాణ్ణి వెల్షు మాట్లాడుతుండగా పట్టిస్తే ఆ చెక్క అటు పోయేది. సాయంత్రం బడి వదిలేవేళకు ఎవరి మెడలో ఉంటే వాడికి దెబ్బలు. పిల్లల చేతే పిల్లల మీద నిఘా! అదంతా ఎప్పటి మాట, ఎక్కడి మాట అంటారేమో. 2009లో మన మైదుకూరులో ఒక బళ్లో తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో, ఇక తెలుగు మాట్లాడనని ఇంగ్లీషులో రాసిన పలకలు వేలాడదీశారు. రాష్ట్రమంతా గొడవైంది. ఆ రెండు సంగతుల మధ్య వందేళ్లకు పైగా ఎడముంది. తెలివి మాత్రం ఒకటే.

ఇంకో విచిత్రం. 1980లో గ్విన్‌ఫోర్ ఎవాన్స్ అనే వెల్షు నాయకుడు, మా భాషకు టీవీ ఛానెల్ ఇస్తామన్న మాట తప్పారు కాబట్టి ఆమరణ నిరాహారదీక్ష చేస్తానన్నాడు. థాచరమ్మ ప్రభుత్వం దీక్ష మొదలు కాకముందే దిగివచ్చింది. ఆ ఛానెల్ 1982 నవంబరు 1న మొదలైంది. తారీఖు చూశారా? మన ఆంధ్రప్రదేశ్ పుట్టిన తారీఖే. మనకు మాత్రం అంత తేలిగ్గా కాలేదు. 1952లో మద్రాసులో పొట్టి శ్రీరాములు గారు ఆంధ్ర రాష్ట్రం కోసం 58 రోజులు ఉపవాసముండి డిసెంబరు 15న ప్రాణం వదిలితే గాని ఢిల్లీ కదల్లేదు.

సరే, మన వైపుకొద్దాం. మన భాషను పనిగట్టుకుని నేర్చుకున్న వాళ్లెవరు? మొదట గుర్తొచ్చేది బ్రౌను దొర. కంపెనీ ఉద్యోగానికి దేశభాష రావాలి గనక మద్రాసులో మొదలుపెట్టాడు, అది జీతం కోసం. తర్వాత 1820ల్లో బందరులో ఉన్నప్పుడు తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య గార్ల దగ్గర కూర్చుని ఛందస్సు నేర్చుకున్నాడు చూడండి, దానికి ఏ కంపెనీ జీతమిస్తుంది? దుబ్వా అనే ఫ్రెంచి ఫాదిరీ పుస్తకంలో వేమన పేరు చూసి, ఆ పద్యాల వెంటపడి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. నిఘంటువు 1852లో వచ్చింది. ఉద్యోగం కోసం తెలుగు నేర్చిన దొరలు చాలామంది ఉండేవారు. వాళ్ల పేర్లు మనకెందుకు గుర్తులేవో వేరే చెప్పాలా?

అవసరాన్ని తక్కువ చేయడం లేదండోయ్. బెజవాడ వన్‌టౌన్‌లో మార్వాడీ షాపుకు వెళ్లండి, మనకంటే చక్కగా "రండి, కూర్చోండి, ఏం చూపించమంటారు" అంటాడు. బేరం నేర్పినంత గట్టిగా ఏ పంతులూ నేర్పలేడు. కానీ డల్లాస్‌లో పుట్టిన పిల్లకు తెలుగుతో ఏం బేరముంది? అయినా సిలికానాంధ్ర వాళ్లు 2007లో మనబడి పెట్టిన దగ్గర్నుంచీ వేలమంది పిల్లలు సెలవు రోజు ఆటలు మానుకుని గుణింతాలు దిద్దుతున్నారు. వాళ్లను పంపేది అమ్మానాన్నలే, కాదనను. పంపినంత మాత్రాన భాష రాదు. కొందరికి కూచిపూడి అక్కరకొస్తుంది. మన కూచిపూడిలో ఆడితే సరిపోదు, నోరు విప్పి మాట్లాడాలి. సత్యభామ అలకంతా ఆ మాటల్లోనే ఉంటుంది. అర్థం తెలియకుండా పలికితే కళ్లు ఒకటి చెబుతాయి, నోరు ఇంకోటి చెబుతుంది. మిగతా వాళ్లకు ఉన్న కారణం ఒక్కటే, గుడివాడలోనో, అవనిగడ్డలోనో ఫోను పట్టుకు కూర్చున్న నాయనమ్మ.

ఇక్కడ మావాడు చెప్పిన ఇబ్బందొకటి వినండి. వీడు వెల్షులో తడబడగానే అవతలివాళ్లు మర్యాదకు చప్పున ఇంగ్లీషులోకి మారిపోతారట. నర్సులూ అంతే, కొట్టు వాళ్లూ అంతే. వీడికి కష్టం తప్పిద్దామని పాపం. అలా దయతలిచే కొద్దీ వీడికొచ్చిన నాలుగు ముక్కలూ నోట్లోనే ఉండిపోతున్నాయి. మారని మనిషి ఆ వార్డులో మతి తప్పిన పెద్దావిడొక్కతే. ఆవిడకు మారడం కుదరదు కాబట్టి. అందుకని డ్యూటీ అయ్యాక కాసేపు ఆవిడ మంచం పక్కనే కూర్చుంటున్నాడు. గొర్రెల గురించి తెగ చెబుతుందట.

మనమూ ఆ నర్సుల్లాంటి వాళ్లమే. అమెరికా మనవడు "నాయనమ్మా, నేను అన్నం తిన్నాడు" అనగానే ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వుతాం. వాడు బిక్కమొహం వేస్తే జాలిపడి "హౌ ఆర్ యూ నాన్నా" అని ఇంగ్లీషులోకి దిగుతాం. ఇక వాడు తెలుగులో నోరు తెరవడు. ఈ ఆదివారం ఫోనొస్తే మాత్రం నవ్వకండి. "ఏం కూరతో తిన్నావురా?" అని అడిగి, వాడు మాట వెతుక్కునేదాకా ఆగండి. తప్పులు దిద్దడం మరో వారం చూసుకోవచ్చు.