జీపు బేరం కన్నా ముందు

గురజాల నుంచి మాచర్ల, ఎర్రగొండపాలెం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్ళేవారిలో కొందరు ఇష్టకామేశ్వరి దర్శనం కూడా పెట్టుకుంటారు. శ్రీశైలం దాకా తారు రోడ్డే. ఆ పైన నల్లమల అడవి దారికి జీపు కావాలి. అటవీశాఖ అనుమతి ఉన్నదీ లేనిదీ ముందే కనుక్కోండి. దారంతా రాళ్ళు, గోతులు. అందరూ బాడుగ గురించే బేరమాడతారు గాని, ఎవరు ఎక్కకూడదో ఆలోచించరు.

గర్భవతులు, ఈమధ్య ఆపరేషన్ అయినవారు, గుండెజబ్బు అదుపులో లేనివారు మల్లన్న దర్శనంతో ఆగిపోవాలి. పెద్దవయసు ఆడవారి సంగతి ఎవరికీ తట్టదు. ముట్లుడిగిన తర్వాత ఎముకలు గుల్లబారతాయి. జీపు వెనక బల్ల చక్రాల మీదికి వస్తుంది. గోతిలో పడినప్పుడు మనిషి ఎగిరి కూలబడితే వెన్నుపూస నలిగిపోవచ్చు. "నడుం పట్టేసింది" అని అమృతాంజనం రాసి ఊరుకుంటారు. కూలబడినప్పుడు మొదలైన నొప్పి నిలబడితే ఎక్కువవుతూ, పడుకుంటే తగ్గుతుంటే ఎక్స్‌రే తీయించండి. కాళ్ళు తిమ్మిరెక్కినా, మూత్రం బిగిసినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ముందు సీటు మర్యాదకోసం అల్లుడిగారికి ఇస్తారు. ఆ ఒక్కరోజు అత్తగారిని కూర్చోబెట్టండి. అల్లుడుగారు ఏమీ అనుకోరు. డ్రైవరుకు మెల్లగా పొమ్మని గట్టిగా చెప్పండి.

వాంతుల భయం ఉన్నవారు రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుని, ముందున్న దారినే చూస్తూ కూర్చోవాలి. వాంతుల మాత్ర నిద్ర తెప్పిస్తుంది, డ్రైవరుకు మాత్రం ఇవ్వకండి.

ఇంటికి చేరాక వారాల తర్వాతైనా చలిజ్వరం వస్తే, అడవికి వెళ్ళొచ్చామని డాక్టరుకు చెప్పి మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి.