పిస్తోలుకు ముందు చీపురు

ఒక కళారూపమును గూర్చి పరిశోధన చేయుటయనగా దానిలో తరచుగా కనబడు వస్తువుల జాబితా వ్రాయుటయే యన్న భావము విద్యాలయములలో ఎట్లు ప్రబలినదో కాని, అట్టి జాబితా కంటబడినప్పుడెల్ల నా మనస్సు చివుక్కుమనును. లండనులో చదువుకొనుచున్న నా మేనల్లుడు తన సహాధ్యాయులతో కలిసి ఒక గ్యాంగ్‌స్టర్ చిత్రమునకు రెండు నిమిషముల ప్రారంభ దృశ్యము తీయవలసియున్నదట. దానికి పూర్వరంగముగా ఆ కోవకు చెందిన చిత్రములను పరిశీలించి నివేదిక సమర్పింపవలెనట. "మామయ్యా, ఒకసారి చూసి చెప్పు" అని అతడు పంపిన నివేదికలో అంచు వంగిన టోపీ, చారల సూటు, లావుపాటి చుట్ట, నల్లని కారు, వానలో తడిసిన వీధి, పిస్తోలు వరుసగా ఉన్నవి. ఒక్కొక్కదాని కెదురుగా అది కనబడిన చిత్రముల పేర్లున్నవి. పిల్లలు శ్రమపడినారు, అందులో సందేహము లేదు. కాని ఆ పట్టికలో మనుష్యుడు లేడు. గ్యాంగ్‌స్టరును సైతము వారు వెలుపల నుంచి చూచి అతని దుస్తులను మాత్రమే లెక్కపెట్టుకొనిరి.

1932లో విడుదలయైన 'స్కార్‌ఫేస్' చిత్రము ఎట్లు మొదలగునో వారిలో ఒక్కరైనను నిదానముగా చూచియుండినచో ఆ పట్టిక వేరు విధముగా నుండెడిది. దర్శకుడు హోవర్డ్ హాక్స్, ఛాయాగ్రాహకుడు లీ గార్మ్స్. వీధిదీపము మీద నిలిచిన కెమెరా మెల్లగా క్రిందికి దిగి, రాత్రియంతయు విందు జరిగి ముగిసిన ఒక హోటలులోనికి ప్రవేశించును. రంగు కాగితపు తోరణములు తెగి వ్రేలాడుచుండును, నేలంతయు చెత్త. ఒక పనివాడు ఊడ్చుచుండును. ఆ చెత్తలో ఒక స్త్రీ లోదుస్తు దొరుకగా దానిని పైకెత్తి చూచును. ఆవల బల్లయొద్ద విందు పెట్టిన లూయీ, ఇక తనకు కావలసినదేదియు మిగులలేదన్న తృప్తితో మిత్రులతో మాటలాడుచుండును. వారు వెడలిపోవుదురు, అతడు టెలిఫోను వైపు నడచును. అప్పుడు కెమెరా అతనిని విడిచి ప్రక్కకు జరుగగా ఒక నీడ కనబడును, ఆ నీడ ఈలవేయుచు వచ్చును; ఆ ఈల దొనిజెత్తి రచించిన 'లూచియా' సంగీత నాటకములో ఆరుగురు కలిసి పాడు ఘట్టపు బాణీ. ఒక పలకరింపు, ఆ వెంటనే తుపాకి మ్రోత. పనివాడు వచ్చి, శవమును చూచి, నడుమునకు కట్టుకొన్న గుడ్డను విప్పివేసి, కోటును టోపీని తగిలించుకొని గబగబ బయటికి నడచును. ఇదంతయు ఇంచుమించు మూడు నిమిషములపాటు, ఎక్కడను కట్ లేకుండ, ఒకే షాటులో సాగును.

1920 మే నెలలో చికాగోలో బిగ్ జిమ్ కొలోసిమో తన హోటలులోనే కాల్చివేయబడిన ఉదంతము ఈ దృశ్యమునకు మూలము. ఆ సంగతి తెలిసిన ఆనాటి చికాగో ప్రేక్షకునకు నీడ యెవరిదో ఊహించుట కష్టము కాదు. ఐనను దర్శకుడు ఆ ముఖమును దాచి, ఊడ్చువాని ముఖమును మనకు చూపెను. వాడు గుడ్డ విప్పిన తీరులోనే ఆ నగరములో బ్రతుక నేర్చినవాని వివేకమంతయు ఉన్నది: సాక్షిగా నిలుచుట యెంత ప్రమాదమో వానికెవరును చెప్పనక్కరలేదు, పోలీసులు వచ్చువేళకు తానచ్చట ఉండరాదని వానికి తెలియును. చిత్రమంతయు చూచిన పిమ్మట టోనీ కమాంటే పాత్రలో పాల్ ముని ప్రదర్శించిన అట్టహాసము కొంతకాలమునకు మరపునకు వచ్చునేమో కాని, ఆ గుడ్డ విప్పిన చేతులు మాత్రము నాకు మరపునకు రాలేదు.

గ్యాంగ్‌స్టర్ చిత్రములో తొలి నిమిషములు పనిచేసి బ్రతుకువారి సొత్తు. ఈ మాట నేను చాలకాలముగా చెప్పుచున్నాను, విన్నవారు తల ఊపి మరల పిస్తోలు కడకే పోవుచున్నారు. కనుక మరికొన్ని సాక్ష్యములు చూపెదను. 1931 జనవరిలో వచ్చిన 'లిటిల్ సీజర్'లో, చీకటిలో దూరముగా ఒక పెట్రోలు బంకు. కారు ఆగును, దీపములారిపోవును, తుపాకులు మ్రోగును, కారు పోవును. దొంగతనము చేసినవాని ముఖమైనను మనకు దగ్గరగా చూపరు. తరువాతి దృశ్యములో రోడ్డుప్రక్క చిన్న హోటలు. కథానాయకుడైన రీకో లోనికి వచ్చి, హోటలువాని కన్నుగప్పి గోడగడియారపు ముల్లును వెనుకకు త్రిప్పి, స్పాగెట్టీ తెమ్మనును. నేరము జరిగిన వేళకు తానిచ్చటనే యున్నట్లు సాక్ష్యము కావలె. ఆ సాక్ష్యమిచ్చువాడు, ఏమియు నెరుగక గరిటె పట్టుకొన్న ఆ హోటలువాడే. ఎడ్వర్డ్ జి. రాబిన్‌సన్ ఒక్క వ్రేలితో చేసిన ఆ చిన్న పనిలో రీకో తెలివియు, నిర్భయత్వమును, ఎదుటివానిని వస్తువుగా వాడుకొను గుణమును మూడును తెలిసిపోవుచున్నవి. అదే సంవత్సరము వచ్చిన 'ది పబ్లిక్ ఎనెమీ' 1909 నాటి చికాగో జనసమ్మర్దముతోను, బీరు మోయు మనుష్యులతోను మొదలగును. జేమ్స్ కాగ్నీ తెరమీదికి వచ్చుటకు చాల సమయము పట్టును.

1972లో కొప్పోలా తీసిన 'ది గాడ్‌ఫాదర్' సైతము ఈ మర్యాదను తప్పలేదు. చీకటిలో ఒక ముఖము. శవసంస్కారములు జరిపించుట వృత్తిగాగల బొనసేరా అను వాడు, తన కుమార్తెకు జరిగిన అన్యాయమును చెప్పుకొనుచుండును. గోర్డన్ విల్లిస్ కెమెరా ఆ ముఖము నుండి ఇంచుమించు మూడు నిమిషములు వెనుకకు, మరల వెనుకకు పోవగా, చిట్టచివరకు వినుచున్నవాని భుజమును, చేతి సైగయు కనబడును. అడుగువాని కంఠములోని వణుకును బట్టియే వినువాని బలమును మనము కొలిచితిమి. భయము భయపెట్టువాని ముఖములో కనబడదు, అది వాని ఎదుట నిలిచినవాని ముఖములో కనబడును. మన పల్లెలో మునసబు దర్పము మునసబు మీసములో గాక అరుగు దిగి నిలుచున్నవాని కండువాలో కనబడినట్లు.

ఇట్లు జరుగుటకు చరిత్రలోనే కారణమున్నది. అమెరికాలో 1920 జనవరి నుండి 1933 డిసెంబరు వరకు మద్యనిషేధము అమలులో నుండెను. దొంగసారా వ్యాపారికి గిరాకీలు ఎవరు? బడిపంతులు, గుమాస్తా, దుకాణదారుడు, సాయంకాలము అలసివచ్చిన కార్మికుడు. నేరము ఎక్కడనో అడవిలో దాగియుండక ప్రతి వీధిలోను తలుపు తట్టినది. ఆ కాలముననే వెండితెరకు మాట వచ్చెను. ఆద్యంతము సంభాషణలతో 1928లో వెలువడిన మొదటి చిత్రము 'లైట్స్ ఆఫ్ న్యూయార్క్' కూడ దొంగసారావారి కథయే యగుట గమనింపదగినది. తుపాకి మ్రోతయు, కారు బ్రేకుల కీచుమనుటయు, వీధి యాసయు తెరకెక్కిన పిదప ఈ కోవ చిత్రములకు పట్టపగ్గములు లేకపోయెను; 1934 జూలైలో హాలీవుడ్ సెన్సారు నియమావళిని కఠినముగా అమలుపరచ నారంభించువరకు ఆ ఉద్ధృతి సాగెను. ఐనను మాట రాకముందే, 1912లో, గ్రిఫిత్ 'ది మస్కటీర్స్ ఆఫ్ పిగ్ ఆలీ'లో ఒక రౌడీని గోడవారగా నడిపించుచు కెమెరాకు చేరువగా, ఇంకను చేరువగా, ముఖము తెరనిండువరకు తీసికొనివచ్చెను. పిల్లలు పదిహేడు నిమిషముల ఆ చిత్రమును చూచిన చాలు. ఒక ముఖము దగ్గరకు వచ్చుట యెంత పెద్ద సంఘటనయో తెలియును.

మన తెలుగులో 1989లో 'శివ' వచ్చినప్పుడు యువకులందరును సైకిలు చైనును గూర్చియే మాటలాడుకొనిరి. అందులో ఆశ్చర్యము లేదు. కళాశాలకు పోవు ప్రతి కుర్రవాని కాలిక్రింద ఉండునదే అది. దానిని ఊడలాగుట యనగా నిత్యజీవితములో నుండియే ఆయుధము పుట్టుట. రామ్ గోపాల్ వర్మ ఆ ఒక్క చైనుతో సాధించినది నూరు పిస్తోళ్ళు సాధింపజాలవు. ఇది కూడ నేను చెప్పు చీపురు కథయే.

ఈ ప్రారంభ దృశ్యముల మీద నాకింత మమకారము కలుగుటకు కారణము అవి నాకు చిరకాలము దక్కకపోవుటయే. మా పట్టణములో ఇంగ్లీషు చిత్రములు ఆదివారము ఉదయపు ఆటగా మాత్రమే ఆడెడివి. మధ్యాహ్నపు ఆటకు తెలుగు చిత్రము వేయవలె గనుక, నిడివి ఎక్కువైనచో హాలువారు రీలు కత్తిరించెడివారు. ఎక్కడ కత్తిరింతురు? పోరాటములను ముట్టిన జనము ఊరకుండరు. కనుక మొదటి రీలుకే ఎసరు. ఇద్దరు మనుష్యులు మాటలాడుకొను దృశ్యమెవనికి కావలె నన్నది వారి వాదము. ఆ అన్యాయమును నేనీనాటికిని క్షమింపలేదు. ఒక చిత్రమునకు మొదటి రీలు తీసివేయుట దాని అర్థమునే తీసివేయుట. తక్కినదంతయు కాల్పులే, ఎవరెవరిని ఎందులకు కాల్చుచున్నారో ఎవరికిని పట్టదు. హాలువారు మిగిల్చిన కొద్దిపాటి ఆరంభమును ఆలస్యముగా వచ్చువారు హరించెడివారు. టార్చిలైటు, కాళ్ళు త్రొక్కుట, "కాస్త జరగండి" అనుట, పిల్లవానిని ఒడిలోనికి తీసికొనుట, వేరుసెనగకాయల పొట్లము విప్పుట, అప్పటికి తెరమీద నీడ వచ్చి పోయెడిది.

అమెరికాలో సైతము ఈ దుస్థితి లేకపోలేదు. 1930 దశకములో అచ్చటి హాళ్ళు ఉదయము మొదలు రాత్రివరకు ఎడతెగకుండ ఆడించెడివి. జనము ఎప్పుడు తీరిన అప్పుడు ప్రవేశించి, సగము నుండి చూచి, తాము వచ్చిన ఘట్టము మరల రాగానే లేచిపోయెడివారు. హాక్స్ అంత శ్రద్ధతో కూర్చిన ఆ షాటును ఎందరో చివర చూచిరన్న తలంపే నాకు బాధ కలిగించును. 1960లో 'సైకో' విడుదల చేయునప్పుడు హిచ్‌కాక్ ఒక నియమము పెట్టెను: ఆట మొదలైన పిమ్మట ఎవరినిగాని లోనికి విడువరాదు. హాలు యజమానులు నష్టము వచ్చునని భయపడిరి; జనము బయట బారులు తీరి తమ వంతుకొరకు వేచియుండిరి. సంగీతసభలో రాగము నడుమ తలుపు తీయని పెద్దలు మన ఊళ్ళలో ఇప్పటికిని ఉన్నారు; సినిమాహాలు తలుపు దగ్గర ఆ పెద్దరికము వహించువాడు ఒక్కడైనను నాకు కనబడలేదు, కనబడిననాడు టిక్కెట్టు ధర రెట్టింపైనను నేనతని హాలుకే పోవుదును.