పట్టుపురుగులూ, పాపులర్ పాటా

నాకు సంగీతం తెలియదు. ఆ ముక్క ముందే చెప్పేస్తే మంచిది. చిన్నప్పుడు అమ్మ పెట్టించిన పాటల మాస్టారు మూడు నెలలకే "అమ్మాయికి చదువు బాగా వస్తుందండీ" అని చెప్పి సెలవు తీసుకున్నారు. అలాంటి నేను ఇంగ్లీషు పాటల ఆల్బమ్ గురించి రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. తప్పు నాది కాదు, మా అమ్మాయిది.

సెలవులకి ఇంటికొచ్చి పొద్దస్తమానం ఫోన్లో ఒకటే పాట పెడుతోంది. "ఏమిటే ఆ టకటకలు, కుట్టుమిషను తొక్కుతున్నట్టు?" అన్నాను.

"అమ్మా, ఇది 1981 పాట. నువ్వు పుట్టిన సంవత్సరం!" అంది. అలా నా వయసు కాస్తా బయటపడిపోయింది.

ఆ బృందం పేరు హ్యూమన్ లీగ్. ఇంగ్లండులో ఉక్కుకి పేరుపడ్డ షెఫీల్డు వాళ్ళది. కంప్యూటర్ల దగ్గర పనిచేసే మార్టిన్ వేర్, ఇయాన్ మార్ష్ 1977లో మొదలుపెట్టారు. ఆసుపత్రిలో పోర్టరుగా ఉన్న ఫిలిప్ ఓకీని పాడడానికి తెచ్చుకున్నారు. గిటార్లు వద్దు, అంతా సింథసైజర్లే అని పట్టుదల. 1978లో వచ్చిన వాళ్ళ మొదటి రికార్డు 'బీయింగ్ బాయిల్డ్' దేని గురించనుకున్నారు? పట్టుపురుగుల్ని ఉడకబెట్టడం గురించి!

నేను ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే నా మొదటి నవలా పట్టుగూళ్ళ మీదే. హిందూపురంలో మా పిన్నిగారింట్లో ఉన్నప్పుడు, గూళ్ళు ఉడికే నీళ్ళలో నాని పాలిపోయిన ఆడవాళ్ళ వేళ్ళు చూసి రాశాను. ఇద్దరు విమర్శకులు మెచ్చుకున్నారు. వెయ్యి కాపీలు వేయిస్తే ఏడువందలు ఇప్పటికీ మా మంచం కిందే ఉన్నాయి. "నీ నవల చెదపురుగులకి బాగా నచ్చింది" అంటూంటారు మావారు.

వాళ్ళ గతీ అంతే అయింది. 1979లో ఒకటి, 1980లో ఒకటి ఆల్బమ్‌లు వచ్చాయి. తెలిసినవాళ్ళు శభాష్ అన్నారు, కొన్నవాళ్ళు తక్కువ. 1980లో బృందం విడిపోయింది. వేర్, మార్ష్ వెళ్ళిపోయారు. ఓకీకి మిగిలింది పేరూ, అప్పులూ, తెరమీద స్లైడ్లు వేసే ఏడ్రియన్ రైటూ. ముందు కచేరీల ప్రయాణం ఉంది. ఓకీ ఊళ్ళోని ఒక క్లబ్బులో డాన్సు చేస్తున్న ఇద్దరు బడిపిల్లల్ని చూశాడు. జోఆన్ కాథరాల్, సూజన్ సల్లీ. ఒకరికి పద్దెనిమిది, ఒకరికి పదిహేడు. పాడిన అనుభవం సున్న. ఆ ఇద్దర్నీ చేర్చుకున్నాడు. పాతవాళ్ళు ఎంత నవ్వి ఉంటారో!

తర్వాత మార్టిన్ రషెంట్ అనే నిర్మాత దొరికాడు. నిజం డ్రమ్ముల చప్పుళ్ళని చిప్పుల్లో దాచుకున్న లిన్ డ్రమ్ యంత్రం ఒకటి కూడా తోడైంది. నేను కుట్టుమిషనన్నది దాన్నేనట! 1981 అక్టోబరులో 'డేర్' వచ్చి బ్రిటన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. అందులో ఆఖరి పాట 'డోంట్ యూ వాంట్ మీ'. రషెంట్ దాన్ని మెత్తగా, తియ్యగా చేశాడని ఓకీకి కోపం. అందుకే చివర పడేశారు. రికార్డు కంపెనీ దాన్ని విడిగా వేస్తామంటే వద్దన్నాడు. చివరికి, కొన్నవాళ్ళు మోసపోయామనుకోకుండా పెద్ద పోస్టరు కూడా ఇవ్వమని షరతు పెట్టి ఒప్పుకున్నాడు. ఆ పాట బ్రిటన్‌లోనే పదిహేను లక్షలకు పైగా అమ్ముడైంది. 1982లో అమెరికాలోనూ మొదటి స్థానమే.

ఇక నా సంగతి. పట్టుపురుగుల తర్వాత ఒక వారపత్రికకి సీరియల్ రాశాను. అందులో డబ్బున్న శేఖర్ "నిన్ను ఇంతదాన్ని చేసింది నేనే" అంటాడు. దానికి వాసంతి చెప్పిన జవాబు రెండు పేజీలు. ఎడిటర్‌గారు ఫోన్ చేసి, "ఆ రెండు పేజీలూ తీసేసి పెళ్ళి చేసేయండి మేడమ్, పాఠకులు సంతోషిస్తారు" అన్నారు. చేసేశాను. ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చాయి. కాలేజీ నాటి స్నేహితురాలు మాత్రం, "బాగుందే. కానీ వాసంతి ఏమీ అనలేదేం?" అంది.

"కమర్షియల్ నవలంటే అంతేలే" అని కసురుకున్నాను. ఆ మాటతో ఇన్నాళ్ళూ సర్దుకుపోయాను.

మా అమ్మాయి ఆ పాట అర్థం చెప్పేదాకా. అందులోనూ ఒక మగవాడు బార్లో పనిచేసే పిల్లని పైకి తెచ్చింది తనేనంటాడు. తర్వాత ఆ పిల్ల గొంతు వస్తుంది. నువ్వు లేకపోయినా నేను పైకి వచ్చేదాన్నేనని నెమ్మదిగా చెప్పేస్తుంది. ఓకీకి ఆ ఆలోచన వచ్చింది ఆడపిల్లల పత్రికలో బొమ్మల కథ చదివి! అది ప్రేమపాట కాదని ఆయనే అన్నాడు. అన్ని లక్షలమంది కొన్న తియ్యటి పాటలో, ఆ పిల్ల జవాబు చెప్పింది. తీసేయమని ఎవరూ అనలేదు, అన్నా తీసేవాళ్ళు కారేమో. మరి వాసంతి నోరు నొక్కింది కమర్షియలూ కాదు, పాఠకులూ కాదు. నేనే.

ఇంకో చిత్రం వినండి. ఆ పాట ఊపులో 1982లో 'బీయింగ్ బాయిల్డ్' మళ్ళీ వేస్తే ఆరో స్థానందాకా వెళ్ళింది. అంటే జనానికి పట్టుపురుగులంటే విరోధమేమీ లేదన్నమాట.

నా సీరియల్ ఇప్పుడు పుస్తకంగా వస్తోంది. సొరుగులోంచి ఆ రెండు పేజీలూ తీసి ప్రచురణకర్తకి పంపాను. ఖర్చు పెరుగుతుందని గొణిగారు. పెరగనివ్వండి. సిగ్గుపడి ఉచితంగా పోస్టరు ఇవ్వాల్సిన పనైతే నాకిక లేదుగా!